ముందు సీటు, తర్వాత బస్సు, ఆ తర్వాతే ఇల్లు: విజయనగరం నుంచి దుబాయికి కాపురం మార్చిన అనుభవం

దుబాయిలో జెబెల్ అలీ వైపున్న ఒక నిర్మాణ సంస్థలో మావారికి ఉద్యోగం ఖాయమైనట్టు 2024 డిసెంబరులో కాగితం వచ్చింది. జనవరిలో ఆయన వెళ్ళి చేరాలని, మార్చిలో పిల్లల పరీక్షలు కాగానే నేను ఇద్దరినీ తీసుకుని వెళ్ళాలని అనుకున్నాం. అప్పటికి అమ్మాయి ఐదో తరగతి, అబ్బాయి ఒకటో తరగతి చదువుతున్నారు. ఇద్దరిదీ విజయనగరంలోనే ఒక సీబీఎస్‌ఈ బడి. చాలా ఏళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నదాన్ని కనుక బడి సంగతి నేను చూసుకోవాలని, ఇంటి సంగతి ఆయన చూసుకోవాలని పని పంచుకున్నాం. ఆ పంపకం నెల తిరక్కుండానే చెరిగిపోయింది. అక్కడ బడిని, ఇంటిని విడివిడిగా ఎంచుకోవడం కుదరదు. కుటుంబానికి వీసా రావాలంటే ఆయన పేరున అద్దె ఒప్పందం నమోదై ఉండాలి. బడిలో పిల్లల పేర్లు పూర్తిగా నమోదు కావాలంటే వీసా, ఎమిరేట్స్ ఐడీ అనే అక్కడి గుర్తింపు కార్డు కావాలి. ఇల్లు ఎక్కడ తీసుకోవాలో తేలాలంటే ఏ బడిలో సీటు వస్తుందో ముందు తెలియాలి. ఈ మూడింటిలో దేన్ని ముందు పట్టుకోవాలో తెలియక జనవరి అంతా గడిపాం.

పాఠ్యక్రమం విషయంలో మాత్రం మాకు పెద్ద చర్చ జరగలేదు. మావారి సంస్థ పిల్లల ఫీజులు ఇవ్వదు. బ్రిటిష్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పాఠ్యక్రమాలున్న బడులలో మేము చూసిన వాటికి ఏడాది ఫీజు తరచుగా 40 వేల దిర్హామ్‌లు దాటింది. సీబీఎస్‌ఈ బడులలో 10 వేల చుట్టుపక్కల కూడా దొరుకుతుంది. అప్పుడు దిర్హామ్ విలువ 23 రూపాయలకు కొంచెం పైన ఉంది. పైగా నాలుగైదేళ్ళలో తిరిగి రావలసి వస్తే పిల్లలు ఇక్కడి తరగతిలో నేరుగా కూర్చోగలగాలి. సీబీఎస్‌ఈ బడులు అక్కడ కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. మిగతా పాఠ్యక్రమాల బడులు చాలావరకు ఆగస్టు చివర తెరుస్తారు. కాబట్టి ఏప్రిల్ దాటిపోతే మాకు ఏడాది మధ్యలో ఖాళీ అయ్యే సీటే దిక్కు.

దుబాయిలో ప్రైవేటు బడులను కేహెచ్‌డీఏ అనే సంస్థ నియంత్రిస్తుంది. అది బడులను తనిఖీ చేసి, అత్యుత్తమం మొదలుకొని చాలా బలహీనం వరకు ఆరు స్థాయిలలో ఒకదాన్ని ఇచ్చి, నివేదికను అందరికీ కనపడేలా పెడుతుంది. 2024-25లో కొత్త బడులకు తప్ప పూర్తి తనిఖీలు జరపలేదు కనుక మేము చదివినవన్నీ అంతకు ముందు సంవత్సరపు నివేదికలు. రాత్రి పిల్లలు పడుకున్నాక వాటిని ఒక్కొక్కటిగా చదివేదాన్ని. పైన రాసిన స్థాయి కంటే లోపల ఉండే చిన్న పట్టిక నాకు ఎక్కువ చెప్పింది. ఎంతమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయురాలు ఉందో, ఏడాదిలో ఎంత శాతం మంది ఉపాధ్యాయులు మానేసి వెళ్ళిపోయారో అందులో ఉంటుంది. టీచర్లు ఏటా మారిపోయే బడి ఎలా నడుస్తుందో నాకు లోపలి నుంచి తెలుసు. ‘చాలా బాగు’ అన్న ముద్ర ఉండి కూడా టీచర్లు నిలవని బడిని పక్కన పెట్టి, ‘బాగు’ దగ్గర ఆగినా టీచర్లు నిలిచిన బడులను జాబితాలో పైకి తెచ్చాను. ఇందుకు మావారు మొదట ఒప్పుకోలేదు.

దరఖాస్తులన్నీ విజయనగరం నుంచే ఆన్‌లైన్‌లో పెట్టాను. ప్రతి బడికీ తిరిగి రాని దరఖాస్తు రుసుము ఉంటుంది. అందుకని తోచిన ప్రతి బడికీ పెట్టకుండా ఎంచుకున్న కొన్నిటికే పెట్టాలని నిర్ణయించుకున్నాం. ఫిబ్రవరి మొదట్లో అమ్మాయికి కంప్యూటర్ కెమెరా ముందు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సులో పరీక్ష పెట్టారు. అబ్బాయితో పది నిమిషాలు మాట్లాడారు, అంతే. పది రోజుల తర్వాత అమ్మాయికి అల్ ఖుసైస్ వైపు ఒక బడిలో ఆరో తరగతి సీటు ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది. అదే బడిలో అబ్బాయిది నిరీక్షణ జాబితా. ఇద్దరికీ ఒకేసారి సీటు ఇస్తామన్నది నగరానికి రెండో చివరన ఉన్న మరొక బడి. అక్కడ ఫీజు దాదాపు రెట్టింపు. సీటు నిలుపుకోవాలంటే ఏడాది ఫీజులో పదో వంతు ముందే కట్టాలి. ఆ సొమ్మును మొదటి విడత ఫీజులో తగ్గిస్తారు గానీ, మనం మనసు మార్చుకుంటే తిరిగి రావడం కష్టం. కట్టడానికి వారం గడువు ఇచ్చారు. ఆ వారంలో మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. అన్నదమ్ములనైనా అక్కచెల్లెళ్ళనైనా వేరు బడులకు పంపితే ఇంట్లో ఉన్న ఒక్క ఆడమనిషికి ఎన్ని పాట్లో మా అత్తగారికి అనుభవమే. ‘ఒక్క బడే చూడమ్మా, ఆలస్యమైనా సరే’ అని ఆవిడ అన్న మాట మీద అమ్మాయి సీటుకు డబ్బు కట్టి, అబ్బాయి కోసం ఎదురుచూడడానికే సిద్ధపడ్డాం.

ఈలోగా మావారు సెలవు రోజుల్లో ప్రాంతాలు తిరిగి చూసేవారు. అక్కడ వాట్సాప్‌లో కాల్ పనిచేయదని అప్పుడే తెలిసింది. వీధి చూపిస్తూ మాట్లాడడం కుదరక వీడియోలు తీసి పంపేవారు, నేను వాటిని ఆపి ఆపి చూసి ప్రశ్నలు రాసేదాన్ని. ఊద్ మేథా, కరామా వైపు బడులు, ఆసుపత్రులు, మన సరుకులు అన్నీ దగ్గరే గానీ భవనాలు పాతవి, పిల్లలు ఆడుకునే చోటు తక్కువ. సిలికాన్ ఒయాసిస్ శుభ్రంగా, విశాలంగా కనిపించింది. కానీ అక్కడికి వచ్చే మెట్రో నీలి మార్గం 2029 నాటికి గానీ పూర్తి కాదట. మాకేమో కారు లేదు. డిస్కవరీ గార్డెన్స్ మావారి పనికి దగ్గర. చెట్లు, నాలుగంతస్తుల భవనాలు చూసి నాకూ ముచ్చటేసింది. అయితే అక్కడ ఎక్కువగా ఒక పడకగది ఇళ్ళే ఉన్నాయి, మాకు సీటు వచ్చిన బడేమో నగరానికి అవతలి కొసన ఉంది.

అద్దె ప్రకటనలలో ఒక సంగతి కొత్తవాళ్ళు గమనించాలి. అల్ నహ్దా అనే పేటలు రెండున్నాయి. ఒకటి దుబాయిది, రెండోది దాన్ని ఆనుకుని ఉన్న షార్జాది. ప్రకటనలో పేరు మాత్రమే చూస్తే షార్జా అద్దె చౌకగా కనబడుతుంది. కానీ అక్కడ ఒప్పందం నమోదు పద్ధతి వేరు, ఉదయం పూట దుబాయి వైపు వచ్చే వాహనాల బారు వేరు. ఆ బారులో రోజూ పిల్లల బస్సు ఇరుక్కుంటుంది.

అసలు దారి చూపినది నరసన్నపేట నుంచి వెళ్ళి పదేళ్ళుగా అక్కడే ఉంటున్న మావారి స్నేహితుడి భార్య. ఫోనులో నా జాబితా అంతా ఓపికగా విని, ‘వదినా, బడికి ఎన్ని కిలోమీటర్లని చూడకండి. బస్సులో మీ స్టాపు ఎన్నోదో అడగండి’ అంది. ఆ మాట విలువ తర్వాత నెమ్మదిగా అర్థమైంది. బడి బస్సు ఒక వరుసలో పిల్లలను ఎక్కించుకుంటూ పోతుంది. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా మొదటి స్టాపు మనదైతే తెల్లవారుజామున ఆరింటికే ఎక్కి, పేటంతా తిరిగి, ముప్పావుగంటకు బడి చేరాలి. అంతకంటే దూరంగా ఉండి చివరి స్టాపు దొరికిన పిల్లవాడు పావుగంట ప్రయాణంతో సరిపెట్టుకుంటాడు. పటం మీద కనిపించే దగ్గరతనం కూడా నమ్మదగినది కాదు. ఒక భవనం ఏడో అంతస్తు నుంచి బడి ఆటస్థలం స్పష్టంగా కనిపించింది, మధ్యలో అడ్డంగా పెద్ద రహదారి ఉంది. నడిచి దాటే దారి లేదు, బండి మీద వెళితే ఎక్కడో తిరిగి రావాలి. బడి రవాణా విభాగానికి రాసి, ఏ వీధుల మీదుగా బస్సు నడుస్తుందో, ఏ స్టాపులు చివరన వస్తాయో తెప్పించుకున్నాం. ఇంటి వేటను ఆ నాలుగైదు వీధులకే కుదించేశాం.

అక్కడ ఉంటే మావారు రోజూ జెబెల్ అలీకి మెట్రో ఆకుపచ్చ మార్గంలో బయలుదేరి, యూనియన్ స్టేషన్‌లో ఎర్ర మార్గానికి మారి వెళ్ళాలి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి గంటన్నర పడుతుంది. ‘నేను పెద్దవాణ్ణి, కూర్చుని నిద్రపోతాను’ అన్నారాయన. ప్రయాణం పిల్లల మీద కాకుండా మా మీద పడాలన్న నియమం ఒకటి పెట్టుకున్నాక మిగతా నిర్ణయాలు సులువయ్యాయి. కారు కొనే ఆలోచన కూడా వాయిదా వేశాం. జనవరి 31 నుంచి సాలిక్ అనే రోడ్డు టోలు రద్దీ వేళల్లో 4 నుంచి 6 దిర్హామ్‌లకు పెరగడం, దారిలో అలాంటి గేట్లు ఒకటికి మించి ఉండడం చూసి మెట్రోయే మేలనిపించింది.

కాగితాల పని విజయనగరంలో నా మీద పడింది. పిల్లల జనన పత్రాలు, మా పెళ్ళి నమోదు పత్రం, బడి టీసీ, వీటన్నిటికీ రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఢిల్లీ విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయపు ముద్ర వేయించాలి. కొన్ని దేశాలకు సరిపోయే అపోస్టిల్ అనే ముద్ర ఒక్కటే ఉంటే అక్కడ చెల్లదు. ఏజెంటుకు ఒక్కో పత్రానికి ఎనిమిది వేల రూపాయల చుట్టూ ఇచ్చాం. పిల్లల జనన పత్రాలలో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతోనూ, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరుతోనూ ఉండడం వల్ల రెండూ ఒకరివే అని నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించవలసి వచ్చింది. మన వైపు ఆడవాళ్ళలో చాలామందికి ఇది తప్పదు కాబట్టి దీనికి ఒక వారం ముందే కేటాయించుకోవడం మంచిది. టీసీ మాత్రం ఫలితాలు వచ్చేదాకా ఇవ్వరు. మార్చి మూడో వారంలో చేతికి వచ్చిన దానికి ముద్రలన్నీ పడేసరికి ఏప్రిల్ చివరి వారమైంది. అప్పటిదాకా టీసీ నకలు, త్వరలో అసలు ఇస్తామని మా సంతకంతో హామీపత్రం తీసుకుని బడివాళ్ళు అమ్మాయిని కూర్చోబెట్టుకున్నారు. ఇలా గడువు ఇస్తారా అని ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకున్నాం.

మార్చి చివరి వారంలో హైదరాబాదు మీదుగా దుబాయిలో దిగాం. విజిట్ వీసా మీద వెళ్ళాం. బర్ దుబాయిలో వంటగది ఉన్న ఒక గది నెల అద్దెకు దొరికింది. అది రంజాన్ మాసం. ఆఫీసులు మధ్యాహ్నం తొందరగా మూసేవారు, ఇళ్ళు చూపించే బ్రోకర్లు సాయంత్రం ఉపవాసం విడిచాకే వచ్చేవారు. ఆ ఏడు విశ్వావసు ఉగాది, రంజాన్ పండుగ ఒకే రోజు, మార్చి 30న వచ్చాయి. ఊరి నుంచి పొట్లం కట్టి తెచ్చిన వేపపువ్వుతో పచ్చడి చేశాను. వరుస సెలవుల వల్ల ఏ పనీ కదలక ఆ గదిలో నలుగురం ఒకరి ముఖాలు ఒకరు చూస్తూ కూర్చున్నాం. నాకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దిగులు బాగా తగిలింది ఆ రోజుల్లోనే.

సెలవులు అయ్యాక అమ్మాయి బడి మొదలైంది. ఇల్లు లేదు కనుక బస్సు లేదు. నేనే మెట్రోలో దింపి తీసుకువచ్చేదాన్ని, అబ్బాయి కూడా వెంటే. రైలులో తిన్నా తాగినా 100 దిర్హామ్‌ల జరిమానా అని బోర్డు చదివినప్పటి నుంచి వాడి నీళ్ళసీసా నా సంచిలోనే ఉండేది. అమ్మాయిని దింపాక సాయంత్రం దాకా నేనూ వాడూ అల్ ఖుసైస్, అల్ నహ్దా వీధులు నడిచి చూసేవాళ్ళం. వీడియోలలో కనిపించని విషయాలన్నీ ఆ నడకలోనే తెలిశాయి. విమానాశ్రయం దగ్గరే కనుక కొన్ని వీధులలో విమానం దిగేటప్పుడు మాట వినపడదు, రెండు వీధుల అవతల అంత మోత ఉండదు. కొన్ని భవనాలలో కుటుంబాలకు మాత్రమే ఇస్తారు, కొన్నిటిలో ఒక్కో గదిలో నలుగురైదుగురు మగవాళ్ళు ఉంటారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు భవనం ముందు నిలబడి, ఎన్ని బడి బస్సులు వచ్చి ఆగుతున్నాయో, వాటిలోంచి ఎంతమంది పిల్లలు దిగుతున్నారో చూస్తే ఇది సంసారుల భవనమో కాదో ఏ బ్రోకరునూ అడగనక్కరలేదు. మేము తీసుకున్న భవనం ముందు ఆ వేళకు ఏడెనిమిది రకాల యూనిఫారాలు కనిపించాయి. కింద ఉన్న చిన్న కిరాణా కొట్టువాడు ఒక్క కొత్తిమీర కట్ట కోసమైనా పైకి మనిషిని పంపుతాడు. కాస్త నడిస్తే నీళ్ళ గుంట చుట్టూ బాట వేసిన పార్కు ఉంది, సాయంత్రాలు మా విజయనగరం అయ్యకోనేరు గట్టులా జనంతో నిండిపోతుంది. వంటగదికి తలుపు ఉండాలని నేను పట్టుబట్టాను, ఎందుకంటే తెరిచి ఉన్న వంటగదిలో పోపు పెడితే పడకగది దాకా ఘాటు. ఏసీ చల్లదనపు ఖర్చు అద్దెలో కలిసి ఉందా, వేరే సంస్థకు విడిగా కట్టాలా అని తప్పక అడగాలి. విడిగా అయితే వేసవిలో ఆ బిల్లు ఒక చిన్న అద్దెలా ఉంటుంది.

అబ్బాయి సీటు ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. ఎవరో కుటుంబం ఊరు మారడంతో ఖాళీ అయిందట. ఉత్తరం చూసిన రోజున మావారు మెట్రోలోంచే ఫోన్ చేసి ‘బ్రోకరుకు ఈ రాత్రే బయానా ఇచ్చేద్దాం’ అన్నారు. అప్పటికి రెండు వారాలుగా ఆ ఇంటిని ఏదో ఒక సాకుతో ఆపుతూ వచ్చాం, ఇంటి యజమాని విసిగిపోయి ఉన్నాడు.

రెండు పడకగదుల ఇంటికి అద్దె ఏడాదికి 82,000 దిర్హామ్‌లు, నాలుగు చెక్కులలో. నెల నెలా కట్టే అలవాటున్న మనకు ఇది మొదటి దెబ్బ. ముందు తేదీలు వేసిన చెక్కులన్నీ ఒకేసారి ఇచ్చేయాలి. మావారు జనవరిలోనే వెళ్ళడం వల్ల ఖాతా, చెక్కుబుక్కు సిద్ధంగా ఉన్నాయి. అందరూ కలిసి ఒకేసారి వెళ్ళేవారికి ఇదే పెద్ద ఆటంకం అవుతుంది. మొదటి చెక్కు 20,500, అద్దెలో 5 శాతం ధరావతు 4,100, బ్రోకరు కమీషను 4,100, దాని మీద పన్ను 205, ఎజారీకి, అంటే అద్దె ఒప్పందం ప్రభుత్వ నమోదుకు 220 దాకా, కరెంటు, నీళ్ళకు దేవా సంస్థ దగ్గర 2,000 ధరావతు, ఆపై చిల్లర ఖర్చులు. మొత్తం 31 వేల దిర్హామ్‌లు, అంటే మన లెక్కలో ఏడు లక్షలకు పైగా, ఒక్క వారంలో చెల్లించాం. కరెంటు బిల్లులో ఏడాది అద్దె మీద 5 శాతం గృహ రుసుమును పన్నెండు భాగాలు చేసి నెలకు దాదాపు 342 దిర్హామ్‌లు కలుపుతారు. దీని గురించి బ్రోకరు ఒక్క మాటా చెప్పలేదు, మొదటి బిల్లు చూసి నేను ఏసీ వాడకం ఎక్కువైందనుకుని పిల్లలను కోప్పడ్డాను.

ఎజారీ కాగితం చేతికి వచ్చాకే కుటుంబ వీసా దరఖాస్తు కదిలింది. పిల్లలకు వైద్యపరీక్ష అవసరం లేదు, నాకు రక్తపరీక్ష, ఎక్స్‌రే చేశారు. దేశం విడిచి వెళ్ళకుండానే విజిట్ వీసా నుంచి నివాస వీసాకు మారడానికి అదనపు రుసుము ఉంది. అయినా నలుగురం తిరిగి వెళ్ళి రావడం కంటే అదే చవక. మూడు వారాలకు కొంచెం అటూ ఇటూగా పట్టింది. ఎమిరేట్స్ ఐడీలు మే నెలలో వచ్చాక బడిలో తల్లిదండ్రుల ఒప్పందం మీద సంతకం చేసి, నమోదు పూర్తి చేశాం. ఇద్దరి ఫీజులూ కలిపి ఏడాదికి 25 వేల దిర్హామ్‌ల లోపు, బస్సుకు ఒక్కొక్కరికి ఆరు వేల చుట్టూ. బస్సు ఫీజు విని మొదట గుండె ఆగినంత పనైంది.

చదువులో ఎదురైన చిక్కు అరబిక్. ప్రైవేటు బడులలో తొమ్మిదో తరగతి దాకా అరబేతర పిల్లలకూ అది తప్పనిసరి. ఆరో తరగతిలోకి వచ్చిన మా అమ్మాయికి ఒక్క అక్షరం రాదు, పక్క పిల్లలు ఐదేళ్ళుగా నేర్చుకుంటున్నారు. మొదటి రెండు వారాలు ఆ పీరియడ్ ఉన్న రోజున కడుపునొప్పి అనేది. కొత్తగా వచ్చినవాళ్ళను వారు నేర్చుకున్న ఏళ్ళను బట్టి విడిగా కూర్చోబెట్టే ఏర్పాటు ఉందని నేను అడిగాకే తెలిసింది. మొదటి ఏడాది గుంపులోకి మార్చాక కడుపునొప్పి పోయింది. ప్రవేశం సమయంలోనే ఈ ప్రశ్న అడగమని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అబ్బాయికి ఏ ఇబ్బందీ లేదు, వాడు కుడి నుంచి ఎడమకు రాయడం ఒక ఆటగా తీసుకున్నాడు.

జూన్‌లో ఎండ ముదిరాక మధ్యాహ్నం స్టాపు నుంచి భవనం దాకా నడిచే ఆ కొద్ది దూరం కూడా మండిపోయేది. నీడ ఉన్న వైపు ఎక్కించే స్టాపుకు మార్చమని రాస్తే, తర్వాతి విడత నుంచి మార్చారు. ఇప్పుడు ఉదయం ఆరున్నర దాటాక ఎక్కి, ఇరవై నిమిషాల్లో బడి చేరుతున్నారు. మావారి గంటన్నర మాత్రం అలాగే ఉంది, రెండు విడతలుగా నిద్రపోతున్నానంటారు.

ఇది రాస్తున్నది 2025 సెప్టెంబరులో. ఒప్పందం వచ్చే ఏప్రిల్‌తో ముగుస్తుంది. అద్దె పెంచాలన్నా, షరతులు మార్చాలన్నా గడువుకు 90 రోజుల ముందు ఇంటి యజమాని తెలియజేయాలి. దుబాయి ప్రభుత్వపు 2013 నాటి ఆజ్ఞ ప్రకారం ఆ ప్రాంతపు సగటు అద్దె కంటే మనది 10 శాతం దాకా తక్కువగా ఉన్నా పెంచడానికి వీల్లేదు. అంతకంటే తక్కువైతే తేడాను బట్టి 5 నుంచి 20 శాతం వరకు పెంచవచ్చు. మా భవనానికి ప్రభుత్వ అద్దె సూచీలో ఎంత చూపిస్తోందో ఇప్పటికే ఒకసారి చూసి పెట్టుకున్నాం. జనవరి మొదటి వారంలో మళ్ళీ చూసి, యజమానితో మాట్లాడతాం. అద్దె కాస్త పెరిగినా ఈ వీధి మాత్రం మారం.